ఆగస్టు బిల్లు చెప్పిన కొలత

రెడ్‌మండ్‌లో మేముండే కాండో బిల్డింగ్‌కి నలభై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. నాలుగు అంతస్తులు, 48 ఇళ్ళు, సుమారు 120 మంది మనుషులు. అందరికీ కలిపి కింద ఒకే బాయిలర్ గది. చలికాలంలో గదులు వెచ్చగా ఉండటానికీ, ఏడాది పొడుగునా స్నానాలకీ వేడినీళ్ళు అక్కడి నుంచే వస్తాయి. ఆ బాయిలర్ మార్చక తప్పదని రెండేళ్ళ క్రితం తేలింది. కాండో అంటే మీకు తెలుసు కదా, ఒకరకంగా ఉమ్మడి కుటుంబం. ఖర్చు ఏదైనా 48 ఇళ్ళ మీదా పడుతుంది. ఆ 48 ఇళ్ళలో టెక్ కంపెనీల్లో పనిచేసేవాళ్ళున్నారు, పింఛను మీద బతికే పెద్దవాళ్ళున్నారు, ఈ మధ్యనే ఉద్యోగం పోయి ఇంకోటి వెతుక్కుంటున్నవాళ్ళూ ఉన్నారు.

నా ఉద్యోగం బిల్డింగులకి హీటింగ్, వెంటిలేషన్ డిజైన్ చేయడం. అందుకని అసోసియేషన్ కమిటీ వాళ్ళు "ఈ లెక్కేదో నువ్వే చూడు" అని నా మీద పెట్టారు. అప్పటికే ఒక కాంట్రాక్టర్ ఇచ్చిన ప్రతిపాదన వాళ్ళ చేతిలో ఉంది. గ్యాస్‌తో నడిచే 75 కిలోవాట్ల ఇంజను ఒకటి, దానికి తోడుగా కొత్త బాయిలర్లు. ఇంజను కరెంటు తయారుచేస్తుంది, దాని వేడితో నీళ్ళు కాగుతాయి. దీన్ని కో-జనరేషన్ అంటారు. మొత్తం ఖర్చు 6,00,000 డాలర్లు. అంటే ఇంటికి 12,500.

సంగతి క్లుప్తంగా ఇదీ. ఏ ఇంజనైనా ఇంధనంలోని శక్తిలో కొంతే కరెంటుగా మార్చగలదు, మిగిలినది వేడిగా పోతుంది. చిన్న గ్యాస్ ఇంజనులో నూటికి సుమారు 30 పాళ్ళు కరెంటు. ఇంకో 50 పాళ్ళ వేడిని ఇంజను చుట్టూ తిరిగే నీళ్ళ నుంచీ, పొగగొట్టం నుంచీ పట్టుకుని వాడుకోవచ్చు. దూరాన ఉన్న విద్యుత్ కేంద్రంలో ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. అదే ఇంజను మన ఇంటి కింద ఉంటే, అదే వేడితో మనం స్నానం చేస్తాం. వినగానే ఎవరికైనా నచ్చే ఆలోచన.

మా వాళ్ళకి అంతగా నచ్చడానికి ఇంకో కారణం ఉంది. 2024 నవంబరు 19, మంగళవారం రాత్రి వచ్చిన గాలివాన ఈ ప్రాంతంలో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోరు. చెట్లు కరెంటు తీగల మీద పడి పశ్చిమ వాషింగ్టన్‌లో లక్షల ఇళ్ళు చీకటైపోయాయి. మా బిల్డింగ్‌లో మూడు రోజులు కరెంటు లేదు. బాయిలర్‌కి గ్యాస్ వస్తూనే ఉంది. కానీ నీళ్ళు తిప్పే పంపులకి కరెంటు కావాలి కదా, కాబట్టి వేడీ లేదు.

పై అంతస్తులో కూతురి దగ్గర ఉండే ఒక పెద్దాయన ఉన్నారు. గుడివాడ దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మేమంతా మాస్టారనే పిలుస్తాం. ఊపిరితిత్తుల జబ్బు వల్ల ఆయనకి రాత్రంతా ఆక్సిజన్ మెషిన్ ఉండాలి. ఆ మెషిన్ తాగే కరెంటు 350 వాట్లు, అంటే మన మిక్సీ కంటే తక్కువ. ఆ రాత్రి అది కూడా దొరకలేదు. ఇంట్లో పెట్టుకున్న సిలిండర్ తెల్లవారేలోగా అయిపోతుందని, లిఫ్టు లేని మెట్ల మీద ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం కిందకి దించాం. ఒక్కో మలుపు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటూ, "అమ్మాయ్, మెట్లు లెక్కపెడుతున్నా, ఇంకా ముప్పై రెండున్నాయి" అన్నారాయన. కరెంటు ఉన్న బంధువుల ఇంటికి కారులో తీసుకెళ్ళారు. గండం గడిచింది. కానీ ఆ మెట్లు దిగిన వాళ్ళెవరూ ఆ రాత్రిని తేలిగ్గా తీసుకోలేకపోయారు.

ఇక్కడ ఇంకో పాత సంగతి చెప్పాలి. 2006 డిసెంబరులో ఇలాంటి గాలివానే వచ్చినప్పుడు, చలికి తట్టుకోలేక ఇళ్ళలోపల బొగ్గుల కుంపట్లు, జనరేటర్లు పెట్టుకుని కార్బన్ మోనాక్సైడ్‌కి బలైనవాళ్ళున్నారు. వాళ్ళలో ఎక్కువమంది వేరే దేశాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. సియాటిల్ టైమ్స్ పత్రిక మొదటి పేజీలో పలు భాషల్లో హెచ్చరిక వేయాల్సి వచ్చింది. కాబట్టి "కరెంటు పోయినా మన ఇంజను మనకుంటుంది" అని కాంట్రాక్టర్ చెప్పిన మాట మా మీటింగ్‌లో బాగా పనిచేసింది. సగంమంది అప్పుడే ఒప్పేసుకున్నారు.

కో-జనరేషన్ అన్న మాట నేను కాలేజీలో నేర్చుకోలేదు. మా నాన్న ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ ఫోర్‌మన్‌గా పనిచేశారు. చెరకు ఆడితే మిగిలేది పిప్పి, చెరకు బరువులో సుమారు 30 శాతం. ఆ పిప్పినే బాయిలర్‌లో వేసి కాలుస్తారు. వచ్చిన ఆవిరి ముందు టర్బైన్‌ని తిప్పి కరెంటు ఇస్తుంది. అక్కడ బలం తగ్గి బయటికొచ్చిన ఆవిరి రసాన్ని మరిగించి చిక్కబరుస్తుంది. టన్ను చెరకుకి నాలుగైదు వందల కిలోల ఆవిరి కావాలి. క్రషింగ్ సీజన్‌లో రాత్రీ పగలూ తేడా లేకుండా ఈ పని సాగుతూనే ఉంటుంది. నాన్న నైట్ డ్యూటీ దిగి ఇంటికొస్తే చొక్కా నిండా బెల్లపు వాసన, మొలాసిస్ వాసన.

కాంట్రాక్టర్ ప్రతిపాదన గురించి నాన్నకి వాట్సాప్‌లో చెప్పాను. ఇంజను గురించి ఉత్సాహంగా ఏదో చెప్పబోతుంటే మధ్యలోనే ఆపారు.

"ముందు ఆవిరి ఎవరు తాగుతారో చెప్పు బుజ్జీ. టర్బైన్ సంగతి తర్వాత చూద్దాం."

"ఇక్కడ ఆవిరి కాదు నాన్నా, వేడినీళ్ళు."

"ఏదైతేనేం. రసం ఆగితే మా టర్బైన్ కూడా ఆగాల్సిందే. వేడి తీసుకునేవాడు లేకపోతే అది ఉత్త ఇంజను."

ఇంజనీరింగ్ పుస్తకాలు ఇదే మాటని నాలుగు పేజీల్లో చెబుతాయి. కో-జనరేషన్‌లో ఇంజను సైజు నిర్ణయించేది కరెంటు అవసరం కాదు, చలికాలపు పెద్ద అవసరం అంతకన్నా కాదు. ఏడాది పొడుగునా ఎప్పుడూ తగ్గని వేడి అవసరం ఎంతో అదే కొలత.

దాన్ని కనుక్కోడానికి ఒక పద్ధతి ఉంది. ఏడాదిలో 8,760 గంటలుంటాయి. ఒక్కో గంటలో బిల్డింగ్‌కి ఎంత వేడి కావాలో రాసుకుని, ఎక్కువ కావాల్సిన గంట నుంచి తక్కువ కావాల్సిన గంట దాకా వరుసగా పేరిస్తే, కొండ శిఖరం నుంచి మైదానానికి దిగినట్టు ఒక గీత వస్తుంది. శిఖరం డిసెంబరు, జనవరి తెల్లవారుజాములది. మైదానం వేసవిది. ఇంజను సైజు మైదానం ఎత్తుకి దగ్గరగా ఉండాలి. శిఖరం సంగతి బాయిలర్లు చూసుకుంటాయి.

మైదానం ఎత్తు తెలుసుకోడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఆగస్టు నెల గ్యాస్ బిల్లు చాలు. ఆగస్టులో రెడ్‌మండ్‌లో ఎవరూ హీటర్ వేయరు. ఆ నెల వాడిన గ్యాసంతా స్నానాలకీ, వంటింటికీ, బట్టలు ఉతకడానికీ కాచిన నీళ్ళదే. పొయ్యిలు మాకు కరెంటువే. మా బిల్లులో 690 థెర్మ్‌లున్నాయి. ఒక థెర్మ్ అంటే 29.3 యూనిట్ల కరెంటుకి సమానమైన శక్తి. పాత బాయిలర్ దాన్లో 80 శాతమే నీళ్ళకి అందిస్తుందనుకుని, నెలలో ఉన్న 744 గంటలకి పంచితే గంటకి దాదాపు 22 కిలోవాట్ల వేడి.

ఇదే లెక్కని ఇంకో దారిలో సరిచూశాను. 120 మంది, మనిషికి రోజుకి 20 గ్యాలన్ల వేడినీళ్ళు. కొళాయిలోకి 10 డిగ్రీల సెల్సియస్‌తో వచ్చే నీళ్ళని 50 డిగ్రీలకి తేవాలి. దానికి రోజుకి 420 యూనిట్లు. పై అంతస్తు వాళ్ళకి కొళాయి తిప్పగానే వేడినీళ్ళు రావాలని గొట్టాల్లో నీళ్ళు తిరుగుతూనే ఉంటాయి. ఆ గొట్టాల మీద పోయే వేడి ఇంకో 100 యూనిట్లు. రెండూ కలిపి 24 గంటలకి పంచితే మళ్ళీ 22 దగ్గరే తేలింది. రెండు దారులూ ఒకే ఊరికి చేరినప్పుడు లెక్క మీద నమ్మకం కుదురుతుంది.

ఇప్పుడు కాంట్రాక్టర్ చెప్పిన 75 కిలోవాట్ల ఇంజను చూద్దాం. అది పూర్తిగా తిరిగితే గంటకి దాదాపు 130 కిలోవాట్ల వేడి ఇస్తుంది. చలి బాగా ఉన్న రోజున మా బిల్డింగ్‌కి 300 కిలోవాట్లు కావాలి కాబట్టి, "అందులో సగం కూడా కాదు, చిన్న ఇంజనే" అన్నాడాయన. చలిరోజుకి అది నిజమే. వేసవిలో రోజు మొత్తానికి కావాల్సిన వేడిని అది నాలుగు గంటల్లో ఇచ్చేసి, మిగిలిన ఇరవై గంటలూ ఖాళీగా కూర్చుంటుంది. పెళ్ళికి తెచ్చిన గుండిగలో రోజూ ఇద్దరికి అన్నం వండినట్టు.

కరెంటు వైపు చూసినా అంతే. మా 48 ఇళ్ళకీ విడివిడిగా మీటర్లున్నాయి. ఇంజను తయారుచేసే కరెంటు నేరుగా వెళ్ళగలిగేది ఉమ్మడి మీటర్‌కే. వరండా లైట్లు, లిఫ్టు, పంపులు, పార్కింగ్‌లో ఫ్యాన్లు, బట్టలు ఉతికే గది. వీటన్నిటికీ కలిపి సగటున 11 కిలోవాట్లు, అర్ధరాత్రి ఏడు. మరి 75 కిలోవాట్లు ఎవరికి? మిగులు కరెంటు గ్రిడ్‌కి పంపాలంటే అదొక వేరే ఒప్పందం, వేరే లెక్క.

మా మైదానానికి సరిపోయేది 10 కిలోవాట్ల ఇంజను. దాని వేడి 17 కిలోవాట్లు, మాకు ఎప్పుడూ కావాల్సిన 22 కంటే తక్కువ. పొద్దున్న అందరూ ఒకేసారి స్నానాలకి దిగే గంటల కోసం ఒక పెద్ద నీళ్ళ ట్యాంకు పెట్టుకుంటే, మరమ్మతులు పోను ఏడాదిలో 8,000 గంటలు ఆగకుండా తిరుగుతుంది. సైజు దొరికింది. ఇక అది గిట్టుబాటవుతుందా లేదా అన్నది చూడాలి.

మాకు గ్యాస్ థెర్మ్‌కి 1.40 డాలర్లు, కరెంటు యూనిట్‌కి 14 సెంట్లు పడుతోంది. ఇంజను ఒక గంట తిరిగితే గ్యాస్ ఖర్చు 1.59 డాలర్లు. దాని వేడి వల్ల బాయిలర్‌లో 1.01 డాలర్ల గ్యాస్ మిగులుతుంది. తయారైన పది యూనిట్ల కరెంటు విలువ 1.40. ఆయిలు, ప్లగ్గులు, సర్వీసు కలిపి గంటకి 30 సెంట్లు వేసుకుంటే చివరికి మిగిలేది గంటకి 52 సెంట్లు. ఏడాదికి నాలుగు వేల డాలర్ల పైచిలుకు. ఇంజను పెట్టడానికి ఇచ్చిన కొటేషన్ 90,000 డాలర్లు. పెట్టుబడి తిరిగి రావడానికి ఇరవై ఒక్క ఏళ్ళు దాటుతుంది. ఆ లోపల ఇంజనే మార్చాల్సి రావచ్చు.

నిజం చెప్పాలంటే నాకు ఆ ఇంజను కావాలనే ఉంది. నాన్న చేసిన పనికి ఒక చిన్న రూపం మా ఇంటి కింద తిరుగుతూ ఉంటే బాగుంటుందనిపించింది. కానీ 48 ఇళ్ళ డబ్బుతో నా ముచ్చట తీర్చుకోలేను కదా.

పైగా ఈ రాష్ట్రంలో కరెంటు కథ వేరు. వాషింగ్టన్‌లో తయారయ్యే కరెంటులో పెద్ద వాటా నదుల మీద కట్టిన డ్యాములది. 2025 చివరికల్లా బొగ్గు కరెంటు వాడకం మానాలని, 2045 కల్లా పూర్తిగా శుద్ధమైన కరెంటే ఉండాలని 2019లో చట్టం చేశారు. మా ఇంజను కరెంటుకి యూనిట్‌కి దాదాపు 220 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మామూలు గ్యాస్ విద్యుత్ కేంద్రంతో పోలిస్తే ఇది చాలా తక్కువ. నీటి కరెంటుతో పోలిస్తే ఎక్కువ. బొగ్గు కరెంటు మీద నడిచే ఊళ్ళో గెలిచే యంత్రం కొలంబియా నది పక్క రాష్ట్రంలో ఓడిపోతుంది. అదీగాక, పెద్ద అపార్టుమెంటు బిల్డింగులు కూడా 2027 జులై 1 లోగా తమ ఇంధన వాడకం లెక్కలు రాష్ట్రానికి చూపించాలన్న నిబంధన ఉంది.

మా ఇంటికి కాస్త దూరంలోనే మైక్రోసాఫ్ట్ తన కొత్త క్యాంపస్‌కి థర్మల్ ఎనర్జీ సెంటర్ కట్టింది. దాని కోసం భూమిలో 550 అడుగుల లోతున దాదాపు 900 బోర్లు వేశారు. వేసవిలో భవనాల్లోని వేడిని భూమిలోకి పంపి, చలికాలంలో వెనక్కి తోడుకుంటారు. అంత పని మాలాంటి వాళ్ళకి సాధ్యం కాదు. కానీ అదే సూత్రం మీద గాలిలోని వేడిని తోడే హీట్ పంపు మాకు అందుబాటులోనే ఉంది. ఒక యూనిట్ కరెంటుకి సుమారు రెండున్నర యూనిట్ల వేడి ఇస్తుంది. ఇందాకటి 17 యూనిట్ల వేడికి బాయిలర్‌తో 1.01 డాలర్లు, హీట్ పంపుతో 95 సెంట్లు.

మరి మాస్టారి మెషిన్ మాటేమిటి? అసలు మాకు ముఖ్యమైన ప్రశ్న అదే. బ్రోషర్‌లో చిన్న అక్షరాల్లో ఉన్న ఒక విషయం ఇక్కడ తేలింది. గ్రిడ్‌తో కలిసి నడిచే ఇంజన్లు చాలావరకు, గ్రిడ్ పోగానే వాటంతట అవే ఆగిపోతాయి. తెగిపడిన తీగ దగ్గర పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం అలా ఏర్పాటు చేస్తారు. కరెంటు లేనప్పుడు ఒంటరిగా నడవాలంటే దానికి తగిన ఏర్పాట్లు విడిగా కొనాలి. మేము చూసిన కొటేషన్‌లో అవి లేవు.

ఒకవేళ కొన్నా, రెండు పనులకీ కొలతలు వేరు. రోజూ తిరిగే ఇంజనుని అన్నిటికన్నా తక్కువ అవసరమున్న రోజు చూసి కొలుస్తాం. గాలివాన రాత్రికి కావాల్సిన జనరేటర్‌ని అన్నిటికన్నా బరువైన నిమిషం చూసి కొలుస్తాం. మాకు ఆ నిమిషం లిఫ్టు మోటారు కదిలే నిమిషం. లైట్లు, నీళ్ళు తిప్పే పంపులు, కింద కమ్యూనిటీ గదిలో మందుల ఫ్రిజ్, నాలుగైదు ఆక్సిజన్ మెషిన్లకి ప్లగ్గులు, అన్నీ కలిపినా ఆరు కిలోవాట్లు దాటలేదు. లిఫ్టుతో కలిపితే ముప్పై అయింది. గానుగెద్దు చేసే పని వేరు, పందెపు ఎద్దు చేసే పని వేరు. రెండూ ఒకే ఎద్దుతో చేయించాలనుకుంటే ఏదీ సరిగా సాగదు.

మార్చిలో జరిగిన మీటింగ్‌లో ఈ లెక్కలన్నీ ఒక పేజీ మీద రాసి అందరికీ పంచాను. మాస్టారు కూతురితో కలిసి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. చేతిలో పెన్సిలు. నా హెచ్చవేతలన్నీ ఆయన మళ్ళీ చేస్తున్నారని అర్థమైంది. చివరికి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"అమ్మాయ్, ముప్పై కిలోవాట్ల జనరేటర్ ఏడాదిలో ఎన్ని గంటలు తిరుగుతుంది?"

"ఏ గాలివానా లేని ఏడు, పరీక్ష కోసం పది గంటలు కూడా తిరగదు మాస్టారూ."

"అయితే దాని మీద లాభం లెక్క వెయ్యకు. అది బీమా" అన్నారు.

స్నానాల నీళ్ళకి హీట్ పంపులు, చలికాలానికి రెండు చిన్న గ్యాస్ బాయిలర్లు, గాలివానకి 30 కిలోవాట్ల గ్యాస్ జనరేటర్. మొత్తం 4,32,000 డాలర్లు, ఇంటికి 9,000. ఒకేసారి కట్టలేనివాళ్ళు మూడేళ్ళలో కట్టేలా ఏర్పాటు చేశారు. 48 ఇళ్ళలో 41 ఇళ్ళు ఒప్పుకున్నాయి.

ఇంత చెప్పి కో-జనరేషన్ మంచిది కాదంటున్నానని అనుకోకండి. రాత్రింబవళ్ళు వేడి తాగే చోటు ఉంటే దాన్ని మించింది లేదు. ఆసుపత్రి, ఈత కొలను ఉన్న హోటల్, లాండ్రీ, పాల డెయిరీ, మురుగునీటి శుద్ధి కేంద్రం, మన చక్కెర ఫ్యాక్టరీలు, ఉప్పుడు బియ్యం మిల్లులు. మీలో హోటళ్ళు నడిపేవాళ్ళున్నారు, గుడి కట్టే కమిటీల్లో ఉన్నవాళ్ళున్నారు. ఎవరైనా ఇంజను అమ్మడానికి వస్తే నాలుగు ప్రశ్నలు అడగండి. ఆగస్టులో మనకి ఎంత వేడి కావాలి? ఏడాదిలో ఇది ఎన్ని గంటలు తిరుగుతుంది? దీని కరెంటు ఏ మీటర్‌కి వెళ్తుంది? గ్రిడ్ పోతే ఇది నడుస్తుందా, ఆగుతుందా? వీటికి అంకెల్లో జవాబు చెప్పగలిగితే అప్పుడు కూర్చుని మాట్లాడొచ్చు.

నాన్నకి ఫోన్ చేసి ఇంజను పెట్టడం లేదని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మీ దగ్గర రసం లేదు కదమ్మా" అన్నారు తర్వాత.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి శనివారం పొద్దున్న పది గంటలకి జనరేటర్‌ని అరగంట నడిపి చూస్తాం. అది మొదలయ్యే వేళకి మాస్టారు లిఫ్టులో కిందకి దిగి, కమ్యూనిటీ గదిలో తన మెషిన్ ప్లగ్గు పెట్టి, పచ్చలైటు వెలిగిందో లేదో చూసుకుంటారు. వెలిగాక గోడకి వేలాడే పుస్తకంలో తేదీ, టైము రాసి సంతకం పెడతారు. ఇంతవరకు ఏ నెలా ఆ పేజీలో గడి ఖాళీగా లేదు.